ఎం6 ట్యాంకులో స్టైరీన్ ఎందుకు మరిగింది? వెంకటాపురం ప్రమాదంపై కేస్ స్టడీ

2020 మే 7 తెల్లవారుజామున, మూడు గంటల ప్రాంతంలో, విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల్లో చేరారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే పడిపోయాయి. ట్యాంకు పేలలేదు, నిప్పు అంటుకోలేదు. ఎం6 అనే నిల్వ ట్యాంకులో ఉన్న 1,800 టన్నులకు పైగా ద్రవం లోపలి నుంచే వేడెక్కి మరిగింది. ఆ ఆవిరి ట్యాంకు పైభాగంలోని వెంటుల గుండా, డిప్ హ్యాచ్ (మట్టం కొలవడానికి తెరిచే మూత) గుండా బయటపడింది.

బయటి మంట ఏదీ లేకుండా నిల్వ ట్యాంకులో ద్రవం ఎలా మరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు స్టైరీన్ డ్రమ్ము మీద ఉండే నిప్పు బొమ్మ చెప్పదు. స్టైరీన్‌ను మన కాగితాల్లో ఏ వర్గంలో పెట్టామో, ఆ వర్గం దేని గురించి మాట్లాడుతుందో, దేని గురించి మాట్లాడదో ముందు చూస్తే తప్ప ఎం6 కథ అర్థం కాదు.

కాగితాల మీద స్టైరీన్

స్టైరీన్ రంగులేని, తియ్యటి ఘాటు వాసన గల ద్రవం. మరుగుస్థానం 145 డిగ్రీలు (ఇక్కడ ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే). ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత, 31. ఆవిరి గాలికంటే 3.6 రెట్లు బరువు. రవాణాలో దీని నంబరు యూఎన్ 2055, క్లాస్ 3, ప్యాకింగ్ గ్రూప్ 3. అంటే మండే ద్రవాల్లో తక్కువ ప్రమాదం ఉన్న మెట్టు. మన దేశంలో 1989 నాటి ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాల ప్రకారం చూస్తే, ఫ్లాష్ పాయింట్ 23కి పైన, 60 లోపు ఉంది కాబట్టి 'హైలీ ఫ్లేమబుల్' ద్రవం.

విషం సంగతి? అవే నియమాల మొదటి షెడ్యూల్లో విషపదార్థాలకు మూడు మెట్లున్నాయి. అన్నిటికంటే కింది మెట్టుకు రావాలన్నా, పీల్చినప్పుడు లెక్కగట్టే ఎల్‌సీ50 విలువ (పరీక్షలోని జంతువుల్లో సగం చనిపోయే గాఢత) లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎలుకల మీద నాలుగు గంటల పరీక్షలో స్టైరీన్ విలువ 11కి పైనే. కాబట్టి ఆ కొలత ప్రకారం స్టైరీన్ 'టాక్సిక్' కాదు! జీహెచ్ఎస్ (రసాయనాల ప్రమాదాలకు వాడే అంతర్జాతీయ వర్గీకరణ) లేబుల్లోనూ పీల్చడం వల్ల కలిగే తక్షణ హానికి తక్కువ తీవ్రత గల నాలుగో కేటగిరీయే. దీర్ఘకాలంలో వినికిడి దెబ్బతినడం, గర్భస్థ శిశువుకు హాని అనుమానం, ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం లాంటివి వేరే కోడ్లలో ఉంటాయి. క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2018లో దీన్ని 2ఏ గ్రూపులోకి, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువున్న వాటిలోకి మార్చింది.

ఈ అంకెల్లో తప్పేమీ లేదు. కానీ ఇవన్నీ ఒక గ్రాము స్టైరీన్ ఎంత చెడ్డదో చెబుతాయి. ట్యాంకులో ఎన్ని టన్నులుంది, అది ఎంత తేలిగ్గా ఆవిరవుతుంది, తనంతట తాను ఏం చేయగలదు అన్న మాట ఎత్తవు. 25 డిగ్రీల దగ్గర మూత ఉన్న పాత్రలో స్టైరీన్ పైన ఉండే గాలిలో సుమారు 8,400 పీపీఎం (పదిలక్షల భాగాల్లో 8,400 భాగాలు) ఆవిరి నిలుస్తుంది. మనిషి ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదమని అమెరికా నియోష్ సంస్థ పెట్టిన హద్దు 700 పీపీఎం. అంటే మామూలు గది వేడిలోనే, ఏ రియాక్షనూ లేకుండానే, హద్దుకు 12 రెట్లు. 'నాలుగో కేటగిరీ' అన్న మాట చూసి తేలిగ్గా తీసుకునే సేఫ్టీ ఆఫీసర్ ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి.

ఇక అసలు ప్రమాదం మూడోది: స్టైరీన్ అణువులు తమలో తామే గొలుసులా కలిసిపోయి పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌గా (పాలిమర్‌గా) మారడం. దీనికి జీహెచ్ఎస్‌లో ప్రత్యేకమైన క్లాసు లేదు, బొమ్మ లేదు. సేఫ్టీ డేటా షీట్ పదో సెక్షన్లో 'స్థిరత్వం' అన్న శీర్షిక కింద రెండు వాక్యాలుగా కనిపిస్తుంది. వెతికితే మరో మూడు చోట్ల జాడ దొరుకుతుంది. అమెరికా అగ్ని భద్రత సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వాడే వజ్రాకార గుర్తులో (0 నుంచి 4 దాకా అంకెలు) స్టైరీన్‌కు ఆరోగ్యం 2, మంట 3, పసుపు గడిలో అస్థిరత్వం 2. ఐరోపా ట్యాంకర్ల నారింజ పలక మీద 39 అని రాస్తారు. 3 అంటే మండే ద్రవం. పక్కనున్న 9 అంటే దానంతటదే తీవ్రమైన రియాక్షన్‌కు దిగగలదని.

మూడో జాడ పేరులోనే ఉంది. యూఎన్ 2055 పూర్తి పేరు 'స్టైరీన్ మోనోమర్, స్టెబిలైజ్డ్' (మోనోమర్ అంటే ఇంకా పాలిమర్‌గా కలవని రూపం). ఆ చివరి మాట అలంకారానికి పెట్టింది కాదు, అదొక షరతు. రియాక్షన్‌ను ఆపే మందు కలపని స్టైరీన్‌ను ఆ నంబరు మీద రవాణాకు తీసుకోరు. అంటే మనం వర్గీకరించింది స్టైరీన్‌ను కాదు, సరైన మందుతో, సరైన చల్లదనంలో ఉన్న స్టైరీన్‌ను. ఆ షరతు తప్పిన రోజున ట్యాంకులో ఉన్నది కాగితం మీదున్న పదార్థం కాదు. పేరు మాత్రమే అదే ఉంటుంది. ఎం6లో జరిగింది ఇదే.

ట్యాంకు లోపలి లెక్క

స్టైరీన్‌ను ఆపి ఉంచే మందు టీబీసీ, అంటే టెర్షియరీ బ్యూటైల్ కేటకాల్. మామూలుగా 10 నుంచి 15 పీపీఎం ఉంటే చాలు. అయితే టీబీసీ ఒంటరిగా పనిచెయ్యదు, దానికి ద్రవంలో కరిగిన ఆక్సిజన్ తోడు కావాలి. ఆక్సిజన్ 15 పీపీఎంకి తగ్గకుండా చూసుకోవాలి. చాలా ప్లాంట్లలో బోల్తాపడేది ఇక్కడే. మండే ద్రవం కదా అని ట్యాంకు పైన స్వచ్ఛమైన నైట్రోజన్ నింపుతారు. నిప్పు ప్రమాదం పోతుంది, ఆక్సిజన్ కూడా పోతుంది, దాంతో మందు చచ్చుబడుతుంది. నైట్రోజన్ తప్పనిసరైతే అందులో 3 నుంచి 8 శాతం ఆక్సిజన్ ఉండేలా కలిపి పంపాలి.

తయారీదారుల హ్యాండ్‌బుక్కుల్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది, దాన్ని ప్రతి ట్యాంక్ ఫార్మ్ కంట్రోల్ రూములో గోడకు అంటించాలి. 12 పీపీఎం టీబీసీతో, గాలి బాగా కరిగి ఉన్న స్టైరీన్ 15 డిగ్రీల ప్రాంతంలో ఆరు నెలలు నిలుస్తుంది. 29 డిగ్రీల్లో మూడు నెలలు. 43 డిగ్రీల్లో 8 నుంచి 12 రోజులు. అదే ఆక్సిజన్ 3 పీపీఎం కంటే తగ్గితే ఆరు నెలలు కాస్తా 10–15 రోజులు, మూడు నెలలు కాస్తా 4–5 రోజులు. 43 డిగ్రీల్లో ఒక్క రోజు కూడా ఆగదు. విశాఖ ఏప్రిల్ ఎండలో ఇనుప ట్యాంకు పైకప్పు కింద ఉండే పొర ఎంత వేడిగా ఉంటుందో ఈ పట్టిక పక్కన పెట్టి చూడండి.

టీబీసీ అయిపోయాక ఏమవుతుంది? ఒక కిలో స్టైరీన్ పాలిమర్‌గా మారితే సుమారు 680 కిలోజౌల్స్ వేడి వస్తుంది. ద్రవం వేడిని పట్టి ఉంచే శక్తి కిలోకు, డిగ్రీకి దాదాపు 1.8 కిలోజౌల్స్. లెక్క వేస్తే, ట్యాంకులో ఒక్క శాతం పాలిమర్ అయితే మొత్తం ద్రవం దాదాపు 4 డిగ్రీలు వేడెక్కుతుంది. అంత పెద్ద ట్యాంకుకు గోడల నుంచి పోయే వేడి చాలా తక్కువ కాబట్టి వచ్చిన వేడి వచ్చినట్టే నిలిచిపోతుంది.

మందు లేని స్టైరీన్ 60 డిగ్రీల దగ్గర గంటకు 0.1 శాతం పాలిమర్ అవుతుంది. అంటే గంటకు 0.4 డిగ్రీలు, రోజుకు తొమ్మిదీ పది డిగ్రీలు. ఇంకా చేతిలో రోజులున్నాయి. 100 డిగ్రీల దగ్గర గంటకు 2 శాతం, అంటే గంటకు 8 డిగ్రీలు. అది పెరుగుతూనే ఉంటుంది, మరుగుస్థానానికి మిగిలేవి గంటలే. మరుగు మొదలయ్యాక ఒక కిలో ఆవిరి కావడానికి 360 కిలోజౌల్స్ దాకా చాలు. ఒక కిలో పాలిమర్ అవుతూ దాదాపు రెండు కిలోల స్టైరీన్‌ను ఆవిరిగా తోలేస్తుందన్నమాట. నెమ్మదిగా ఉన్నంత కాలం ఎవరికీ పట్టని రియాక్షన్, అందరికీ కనబడే సమయానికి ఎవరి చేతిలోనూ ఉండదు.

ఎం6లో ఏం తప్పాయి

ఈ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది, 1997లో ఎల్‌జీ కెమ్ చేతికి వచ్చింది. ఎం6 పాత ట్యాంకు. ప్రమాదం తర్వాత రాష్ట్ర ప్రభుత్వం స్పెషల్ చీఫ్ సెక్రటరీ నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన హైపవర్ కమిటీ వేసింది. ఆ కమిటీ 2020 జులై 6న నివేదిక ఇచ్చింది. అందులో తేలిన వాటిలో అన్నీ ఒకే బరువున్నవి కావు. నా దృష్టిలో అసలైనవి ఇవి.

ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగునే ఉంది. మధ్యలో, పైన లేదు. వేడెక్కిన స్టైరీన్ తేలికై పైకి చేరుతుంది, చిల్లర్ (ద్రవాన్ని చల్లబరిచే యంత్రం) నుంచి వచ్చే చల్లటిది అడుగున కూర్చుంటుంది. కాబట్టి లాగ్ షీటులో రోజూ ఎక్కే అంకె ట్యాంకులో అన్నిటికంటే చల్లని చోటుది. ఆపరేటర్ నిజాయితీగా రాసిన రీడింగే అందరినీ తప్పుదారి పట్టించింది.

2019 డిసెంబరులో ఆ ట్యాంకు పైపింగులో మార్పు చేశారు. ఆ తర్వాత ద్రవం కింది నుంచి పై దాకా కలిసే పద్ధతి దెబ్బతింది. పైపొరకు చల్లదనం అందలేదు, అడుగు పొర మాత్రం చల్లగానే ఉంది. పై రెండు లోపాల్లో ఏ ఒక్కటే ఉన్నా ఇంత దూరం వచ్చేది కాదేమో. బాగా కలిసే ట్యాంకులో అడుగు రీడింగు చాలు. కలవని ట్యాంకుకు మూడు రీడింగులు కావాలి. రెండూ లేకపోవడమే దెబ్బకొట్టింది. పైపింగు మార్చే ముందు 'ఈ మార్పు తర్వాత మన థర్మామీటర్ ఇంకా నిజం చెబుతుందా?' అన్న ఒక్క ప్రశ్న మార్పు ఫారంలో ఉండి ఉంటే దారి మారేది. మార్పుల నియంత్రణ అంటే సంతకాల కాగితం అనుకునే ప్లాంట్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

చిల్లర్‌ను పగలు మాత్రమే నడిపి సాయంత్రం ఐదింటికి ఆపేవారు. రాత్రి చల్లగా ఉంటుంది కదా అన్నది లెక్క. 1,800 టన్నుల ద్రవానికి రాత్రి గాలి చేసే మేలు దాదాపు సున్నా. ఒక డిగ్రీ తగ్గించాలంటేనే 32 లక్షల కిలోజౌల్స్ బయటికి పోవాలి. రియాక్షన్‌కు మాత్రం రాత్రీ పగలూ తేడా లేదు.

టీబీసీ నిల్వ ప్లాంటులో సరిపడా లేదు. ప్రమాదం జరిగాక గుజరాత్ నుంచి విమానంలో 500 కిలోలు తెప్పించాల్సి వచ్చింది. ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. 1,800 టన్నుల స్టైరీన్‌లో టీబీసీని 5 నుంచి 15 పీపీఎంకి పెంచాలంటే కావలసింది 18 కిలోలు. మార్కెట్లో దొరికే 85 శాతం ద్రావణమైతే 21 కిలోలు. రోజుల ముందు, ద్రవం చల్లగా ఉండగా, ఒకే ఒక్క డబ్బాతో పోయే పని. వేడెక్కాక టీబీసీ ఎంత పోసినా లాభం తక్కువ. 60 దాటాక అది త్వరగా ఖర్చయిపోతుంది, దానికి తోడు ఉండాల్సిన ఆక్సిజన్ వేడికి ద్రవం నుంచి ముందే వెళ్లిపోతుంది.

లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. ప్రమాదం నాటికి 43 రోజులు. రియాక్టర్లు ఆగాయి కాబట్టి ట్యాంకులోంచి స్టైరీన్ తీసేవాళ్లు లేరు, కొత్తది కలవలేదు, కదలిక లేదు. నడుస్తున్న ప్లాంటులో స్టైరీన్ రోజూ ఖర్చవుతుంది, రోజూ కొత్త మందుతో కొత్త సరుకు వస్తుంది. ఆ కదలికే ఒక రక్షణ. ఆపేసిన ప్లాంటు సురక్షితమని అనుకోవడం మనలో చాలామందికి అలవాటు. నిల్వ ఉంచితే పాడయ్యే సరుకు విషయంలో అది తలకిందులు. 2005 ఆగస్టులో అమెరికాలోని సిన్సినాటిలో నెలల తరబడి పక్కన వదిలేసిన స్టైరీన్ రైలు ట్యాంకర్ ఇలాగే వేడెక్కి ఆవిరి వదిలింది. భోపాల్‌లోనూ 1984 డిసెంబరు రాత్రికి ఆరు నెలల ముందే ఎంఐసీ (మిథైల్ ఐసోసయనేట్) ట్యాంకుల రిఫ్రిజరేషన్ ఆపేశారన్నది గుర్తుంచుకోవాలి.

ఏప్రిల్ చివరి వారంలో శాంపిళ్లలో పాలిమర్ శాతం పెరిగింది. అది హెచ్చరిక. కానీ పాలిమర్ పరీక్షను ప్లాంటు నాణ్యత పరీక్షగా చూసింది, భద్రత పరీక్షగా చూడలేదు. 'సరుకు ఇంకా వాడుకోవచ్చా' అని అడిగితే ఒక జవాబు వస్తుంది. 'నిన్నటికీ ఇవాళ్టికీ ఎందుకు పెరిగింది' అని అడిగితే వేరే జవాబు వస్తుంది. అమ్మకానికి వచ్చే స్టైరీన్‌లో పాలిమర్ హద్దు మామూలుగా 10 పీపీఎం. భద్రత కోసం ఆ హద్దు కంటే రెండు శాంపిళ్ల మధ్య తేడా ముఖ్యం.

నియంత్రణ: ఏది ముందు, ఏది తర్వాత

ప్రమాద నియంత్రణ మెట్లను మనం శిక్షణ తరగతుల్లో నేర్చుకుంటాం: తొలగించడం, మార్చడం, ఇంజినీరింగ్ ఏర్పాట్లు, పని పద్ధతులు, చివరికి మాస్కులు, గ్లవ్స్. పాలిస్టైరీన్ ప్లాంటులో స్టైరీన్‌ను తొలగించలేం, మార్చలేం. తగ్గించగలం. ప్లాంటు ఆపుతున్నామంటే చేయాల్సిన మొదటి పని నిల్వను కనీస మట్టానికి తేవడం, మిగిలినదాన్ని బాగా చల్లబడే, బాగా కలిసే ట్యాంకులోకి మార్చడం. పాత ట్యాంకును నిండుగా వదిలి వెళ్లడం వద్దు.

తర్వాత చల్లదనం. ద్రవాన్ని 25 డిగ్రీల లోపు ఉంచాలన్న హద్దుకు రెండు కారణాలున్నాయి, ఆపరేటర్లకు రెండూ చెప్పాలి. మందు నిలవడానికి అన్నది తెలిసిందే. రెండోది: 25 దగ్గర ట్యాంకు పైభాగంలో ఆవిరి 0.84 శాతం, స్టైరీన్ మండే కింది హద్దు 0.9 నుంచి 1.1 శాతం. 25 లోపు ఉంచితే ఆ ఖాళీ చోట నిప్పు పట్టేంత ఆవిరి ఉండదు, 31 దాటితే ఉంటుంది. కాబట్టి ఆక్సిజన్ ఉంచాలా, నిప్పు భయానికి తీసేయాలా అన్న తగాదాను చాలావరకు తీర్చేది చిల్లరే. అది 24 గంటలూ నడవాలి, దానికి డీజిల్ జనరేటర్ మీద కనెక్షన్ ఉండాలి.

మూడు ఎత్తుల్లో ఉష్ణోగ్రత కావాలి: అడుగు నుంచి మీటరు పైన, మధ్యలో, ద్రవం ఉపరితలానికి కొంచెం కింద. మూడోది తేలిక కాదు, ఎందుకంటే ద్రవం మట్టం మారుతూ ఉంటుంది. ఐదారు ఎత్తుల్లో సెన్సర్లున్న ఒకే నిలువు థర్మోవెల్ (సెన్సర్లను దించే గొట్టం) పెడితే, ఆ రోజు మట్టానికి దగ్గరగా మునిగి ఉన్నదాన్ని చదవొచ్చు. అది వచ్చే దాకా డిప్ హ్యాచ్ నుంచి థర్మామీటర్ వేలాడదీసి చూసుకోవచ్చు, కానీ పంపింగ్ ఆపిన అరగంట తర్వాతే. స్టైరీన్ విద్యుత్తును సరిగా ప్రవహింపనీయదు, పంపింగులో పుట్టిన స్టాటిక్ విద్యుత్తు ద్రవంలో నిలిచి ఉంటుంది. వేలాడదీసే లోహపు వస్తువును ట్యాంకుకు బాండింగ్ చేయాలి, అంటే తీగతో కలపాలి. హ్యాచ్ తెరిచే మనిషికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్కు మామూలు రోజుల్లో సరిపోతుంది. 700 పీపీఎం దాటే అవకాశం ఉంటే కార్ట్రిడ్జ్ పనికిరాదు, గాలి సిలిండర్ ఉన్న శ్వాస పరికరం (ఎస్‌సీబీఏ) తప్పనిసరి.

పైపొరకూ కింది పొరకూ తేడా 2 డిగ్రీలు దాటితే ట్యాంకు కలవడం లేదనే అర్థం. చల్లబడిన ద్రవాన్ని అడుగుకే తిరిగి పంపకుండా, పైపొర దాకా తేలేలా జెట్ మిక్సర్ నాజిల్‌తో పంపాలి. పై నుంచి ధారగా పడేయకూడదు, స్టాటిక్ పుడుతుంది.

శాంపిళ్లు. టీబీసీ పరీక్షకు పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. స్టైరీన్‌ను కాస్టిక్ ద్రావణంతో కుదిపితే గులాబీ–ఎరుపు రంగు వస్తుంది, ఆ రంగు ఎంత గాఢంగా ఉందో 490 నానోమీటర్ల దగ్గర చూస్తే పీపీఎం తెలుస్తుంది. పాలిమర్‌కు మిథనాల్ పరీక్ష: పాలిమర్ ఉంటే మసకబారుతుంది. రెండూ ఒక షిఫ్టులోపే అయిపోతాయి. అయితే శాంపిల్ ఎక్కడి నుంచి తీశారన్నది రాయకపోతే ఫలితానికి విలువ లేదు. అడుగు వాల్వు నుంచి తీసిన శాంపిల్ అడుగు సంగతే చెబుతుంది. పైనుంచి, మధ్యనుంచి, కిందనుంచి విడివిడిగా తీయాలి. కలిపి ఒకే సీసాలో పోస్తే పైపొర చెడు సగటులో దాక్కుంటుంది.

ఎక్కడ ఏం చేయాలో రాసిపెట్టుకోవడానికి ఒక అమరిక ఇది. ఎవరి ట్యాంకును బట్టి వాళ్లు బిగించుకోవచ్చు, సడలించకూడదు.

- పైపొర 25 లోపు: మామూలు నిల్వ. టీబీసీ వారానికోసారి, 10 కంటే తగ్గితే 15కు పెంచాలి.
- 25 దాటితే: టీబీసీ, పాలిమర్ రోజూ. చిల్లర్, సర్క్యులేషన్ ఆగకూడదు.
- 30 దాటితే: కొత్త సరుకు దింపడం ఆపాలి. టీబీసీ కలిపి, ట్యాంకులోకి గాలి బుడగలు పంపి ఆక్సిజన్ పెంచాలి. శాంపిల్ ప్రతి షిఫ్టుకూ.
- చిల్లర్ నడుస్తుండగా పైపొర రోజుకు ఒక డిగ్రీ పెరిగితే, అంకె ఎంతైనా సరే: రియాక్షన్ మొదలైనట్టే లెక్క. ప్లాంట్ హెడ్‌కు ఫోను, ఆన్‌సైట్ ప్లాన్ (ఫ్యాక్టరీ లోపలి అత్యవసర ప్రణాళిక) మొదటి దశ, ఇరుగుపొరుగు ఊళ్లకు ముందస్తు కబురు.
- 50 దాటితే: టీబీసీతో పని లేదు. వేడిలో, ఆక్సిజన్ లేకుండా పనిచేసి రియాక్షన్‌ను వెంటనే ఆపే షార్ట్‌స్టాప్ మందు పంపు ద్వారా దూరం నుంచి ఎక్కించాలి. ఊళ్లు ఖాళీ చేయించడం ఇక్కడే మొదలు కావాలి.
- 65 దాటితే: ట్యాంకు దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు.

నాలుగో వరుస అన్నిటికంటే ముఖ్యం. 28 డిగ్రీలు చూసి ఎవరూ కంగారుపడరు. నిన్న 27, మొన్న 26 అని పక్కపక్కన రాస్తేనే విషయం కనబడుతుంది. అందుకే లాగ్ షీటులో రీడింగుతో పాటు 'నిన్నటితో తేడా' అనే గడి ఉండాలి.

షార్ట్‌స్టాప్ మందు, టీబీసీ రెండూ ట్యాంకు ఫుల్ మట్టానికి సరిపడేంత ప్లాంటు గేటు లోపలే ఉండాలి. లాక్‌డౌన్ అయినా తుపాను అయినా లారీ మీద ఆధారపడకూడదు. విశాఖకు హుద్‌హుద్ ఎలా వచ్చిందో అందరికీ తెలుసు.

నిర్వహణలో తరచూ జరిగే ఒక తప్పు. టీబీసీ ఆవిరి కాదు, స్టైరీన్ అవుతుంది. కాబట్టి పైకప్పుకు అంటుకుని చల్లబడే చుక్కల్లో మందు ఉండదు. ఆ చుక్కలు అక్కడే గట్టిపడి పాలిమర్ జడల్లా వేలాడుతాయి, వెంటులను, మంట లోపలికి పాకకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ జాలీని మూసేస్తాయి. వేసవికి ముందు వాటిని విప్పి చూడాలి. లోపల తుప్పు ఉంటే రియాక్షన్ వేగం పెరుగుతుంది, అందుకే జింక్ సిలికేట్ పూత వేస్తారు. ఇత్తడి, రాగి ఫిట్టింగులు ఈ లైన్లో ఎక్కడా పెట్టకూడదు.

గేటు బయట

ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల బటన్లు ఉన్నాయి. ఆ రాత్రి సైరన్ మోగలేదు. ఆవిరి ఘాటుకు నిద్రలేచిన జనం వీధుల్లోకి పరుగెత్తి అక్కడక్కడే పడిపోయారు. నియంత్రణ మెట్లన్నీ విఫలమయ్యాక మిగిలే చివరి మెట్టు ఇదొక్కటే, అది కూడా పనిచెయ్యలేదు. దీన్ని క్షమించడం కష్టం.

1989 నియమాల ప్రకారం ఆన్‌సైట్ ప్లాన్ ఫ్యాక్టరీ యజమాని బాధ్యత, ఆఫ్‌సైట్ ప్లాన్ (ఫ్యాక్టరీ బయటి ప్రాంతానికి) జిల్లా యంత్రాంగానిది. చుట్టుపక్కల వాళ్లకు ముందుగానే సమాచారం ఇవ్వడం కూడా యజమాని బాధ్యతే. ఊరి వాళ్లకు చెప్పాల్సింది ఐదారు ముక్కలే. ఈ ఆవిరి బరువైనది, పల్లంలో, కాలువల్లో, బావుల దగ్గర చేరుతుంది. గాలి వీచే దిక్కుకు అడ్డంగా, ఎత్తైన చోటికి నడవాలి. వాసన పల్చగా ఉంటే తలుపులు మూసుకుని మేడమీద గదిలో ఉండటం మేలు. పశువుల తాళ్లు విప్పాలి. తడిగుడ్డ కళ్లకు, ముక్కుకు కొంత ఉపశమనమే తప్ప రక్షణ కాదు, స్టైరీన్ నీటిలో దాదాపు కరగదు. కళ్లు మండుతూ తల తిరుగుతోందంటే పరుగెత్తకూడదు, పరుగులో పీల్చే గాలి ఎక్కువవుతుంది. సైరన్ శబ్దం ఎలా ఉంటుందో, 'ప్రమాదం' మోతకూ 'అంతా క్షేమం' మోతకూ తేడా ఏమిటో ఆరు నెలలకోసారి తెలుగులో మైకులో చెప్పి, మోగించి వినిపించాలి.

లోపల సైరన్ నొక్కే అధికారం నైట్ షిఫ్ట్‌లో ఉన్న అతి చిన్న ఉద్యోగికి, కాంట్రాక్ట్ కార్మికుడికి కూడా ఉండాలి. పొరపాటున మోగించినా చర్య ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి. అప్పటి ఫ్యాక్టరీల చట్టం 41హెచ్ సెక్షన్ తక్షణ ప్రమాదం కనబడితే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చింది. ఆ హక్కు చేతి దగ్గర బటన్ రూపంలో ఉంటేనే పనికొస్తుంది.

ట్యాంకు బోర్డు

ఇప్పుడు మన ట్యాంకుల మీద పేరు, యూఎన్ నంబరు, నిప్పు బొమ్మ, కెపాసిటీ ఉంటాయి. ఇవి ఏళ్ల తరబడి మారవు. తనంతట తాను రియాక్షన్‌కు దిగే ప్రతి మోనోమర్ ట్యాంకుకు, అంటే స్టైరీన్‌కే కాదు, అక్రిలేట్లకు, వినైల్ అసిటేట్‌కు కూడా, ఆ బోర్డు కింద చాక్‌పీసుతో రాసే మరో పలక పెట్టాలి. ఏ మందు ఏ మోనోమర్‌కు, హద్దులేమిటి అన్నది దాని డేటా షీట్ నుంచి తీసుకోవాలి. పలక మీద పైపొర ఉష్ణోగ్రత, నిన్నటితో తేడా, మందు పీపీఎం, ఆక్సిజన్ పీపీఎం, చివరి శాంపిల్ తేదీ, గంట, తీసిన ఎత్తు రాయాలి. షిఫ్ట్ మారేటప్పుడు వచ్చే ఆపరేటర్, వెళ్లే ఆపరేటర్ ఇద్దరూ ట్యాంకు దగ్గరే నిలబడి దాన్ని చదవాలి. ఏ గడి ఖాళీగా ఉన్నా, తేదీ పాతదైనా, ఆ ట్యాంకును 'స్టెబిలైజ్డ్' కాని సరుకుగానే లెక్కగట్టి, 30 దాటినప్పటి వరుసలో ఉన్న పనులు ఆ షిఫ్టులోనే మొదలుపెట్టాలి.